మూడు గదులు, మూడు ఇంపిడెన్స్‌లు, ఒకే యాంప్లిఫయర్: గోడ వాల్యూమ్ కంట్రోళ్లతో ఎనిమిది నెలలు

మా హాలులో ఉన్నవి 8 ఓమ్‌ల స్పీకర్లు. (ఓమ్‌లలో చెప్పే ఈ అంకే ఇంపిడెన్స్, అంటే కరెంటుకు స్పీకర్ చూపే అడ్డు. అది తగ్గే కొద్దీ యాంప్లిఫయర్ ఎక్కువ కరెంటు ఇవ్వాల్సి వస్తుంది.) చదువుకునే గదిలో 6 ఓమ్‌లవి ఉన్నాయి. వరండాలో ఉన్నది, ఒక పాత మ్యూజిక్ సిస్టమ్ పాడైపోగా మిగిలిన 4 ఓమ్‌ల జత. ఈ మూడు జతలనూ హాలులోని ఒకే స్టీరియో యాంప్లిఫయర్‌తో మోగించాలన్న కోరిక చాలాకాలంగా ఉన్నా, దానికి కావలసిన సరంజామా విషయంలో నేను మొదటిసారి తప్పటడుగు వేసి, రెండోసారి కొంత తెలుసుకుని కొన్నాను. మొదట కొన్నది రక్షణ నిరోధకాలు అమర్చిన స్పీకర్ సెలెక్టర్ పెట్టె. దాని స్థానంలోకి వచ్చినవి ఆటోట్రాన్స్‌ఫార్మర్‌తో పనిచేసే, గోడలో బిగించే వాల్యూమ్ కంట్రోళ్లు. ఎనిమిది నెలలుగా వాడుతున్న ఆ కంట్రోళ్ల గురించే ఈ సమీక్ష. అయితే అవి ఎందుకు నచ్చాయో చెప్పాలంటే ఆ పెట్టె ఎందుకు నచ్చలేదో కూడా చెప్పక తప్పదు. తయారీదారుల పేర్లు రాయడం లేదు. ఇదే సూత్రం మీద ఇలాంటివి చాలా కంపెనీలు చేస్తున్నాయి కనుక, పైన ఉన్న పేరు కంటే లోపల ఏముందన్నదే కొనేవారికి పనికొస్తుంది.

యాంప్లిఫయర్ వెనుక, స్పీకర్ టెర్మినళ్ల పక్కన, చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక ఉంటుంది. నా దాని మీద ‘ఎ లేదా బి: 4 నుంచి 16 ఓమ్‌లు, ఎ + బి: 8 నుంచి 16 ఓమ్‌లు’ అని ఉంది. ఎ, బి బటన్లు రెండూ నొక్కితే లోపల రెండు జతలూ సమాంతరంగా కలుస్తాయని, అలా కలిసిన రెండు 8 ఓమ్‌ల స్పీకర్లు 4 ఓమ్‌లుగా కనిపిస్తాయని, అంతకంటే తక్కువ ఓమ్‌ల లోడును ఈ యాంప్లిఫయర్ మోయలేదని దాని అర్థం. నా మూడు జతలనూ నేరుగా కలిపితే ఏమవుతుందో లెక్క వేసి చూశాను. ఎనిమిదో వంతు, ఆరో వంతు, నాలుగో వంతు కూడి, వచ్చినదాన్ని తిరగేస్తే 1.85 ఓమ్‌లు తేలింది. యాంప్లిఫయర్ 20 వోల్టులు ఇస్తున్నప్పుడు హాలు స్పీకర్ ఒక్కటే ఉంటే ఒక్కో చానల్ నుంచి 2.5 యాంపియర్ల కరెంటు, 50 వాట్ల శక్తి పోతాయి. మూడూ కలిస్తే అదే 20 వోల్టులకు దాదాపు 10.8 యాంపియర్లు, 217 వాట్లు కావాలి. 8 ఓమ్‌లకు 60 వాట్లని రాసి ఉన్న యాంప్లిఫయర్‌ను అడగదగిన పని కాదిది. సన్నగా పెట్టుకుని వింటే ఇంత కరెంటు అవసరం రాదన్న మాట నిజమే కానీ, ఇంట్లో వాల్యూమ్ నాబ్ మీద చెయ్యి వేసే ప్రతి ఒక్కరికీ ఈ లెక్క తెలిసి ఉండదు కదా.

స్పీకర్ వెనుక రాసి ఉండే అంకెను కూడా యథాతథంగా నమ్మడానికి లేదు. ఇంపిడెన్స్ పౌనఃపున్యాన్ని బట్టి మారుతూ ఉంటుంది. వూఫర్, అంటే బాస్ పలికించే పెద్ద స్పీకర్, అనునాదం చెందే చోట అది 30 ఓమ్‌ల దాకా ఎగబాకి, ఆ పైన దిగివచ్చి, శబ్దాన్ని వూఫర్‌కూ, హెచ్చు స్వరాల చిన్న స్పీకర్‌కూ పంచే క్రాసోవర్ దగ్గర మళ్లీ లేచి, ఇంకొక చోట మళ్లీ పడిపోవచ్చు. విద్యుత్ పరికరాలకు అంతర్జాతీయ ప్రమాణాలు రూపొందించే ఐఈసీ సంస్థ 60268-5 ప్రమాణం ప్రకారం, స్పీకర్ పనిచేయవలసిన పౌనఃపున్య పరిధిలో ఎక్కడా ఇంపిడెన్స్ రాసిన అంకెలో 80 శాతానికి దిగువకు పడకూడదు. అంటే 8 ఓమ్‌ల స్పీకర్ 6.4 వరకు, 4 ఓమ్‌లది 3.2 వరకు దిగవచ్చు. అందరు తయారీదారులూ ఈ నియమాన్ని నిష్ఠగా పాటిస్తారనుకోవడం అమాయకత్వమే. వరండా స్పీకర్ల వెనుక చీటీ ఎప్పుడో ఊడిపోయింది కనుక మల్టీమీటర్ పెట్టి చూస్తే 3.4 అని చూపింది. మల్టీమీటర్ కొలిచేది వాయిస్ కాయిల్ తీగకున్న డీసీ నిరోధాన్ని మాత్రమే, అది ఇంపిడెన్స్ కంటే ఎప్పుడూ కొంత తక్కువగా ఉంటుంది. అందువల్ల 3.4 చూపితే 4 ఓమ్‌ల స్పీకరని, 6 దరిదాపుల్లో చూపితే 8 ఓమ్‌లదని అంచనా వేసుకోవచ్చు. 6 ఓమ్‌ల స్పీకర్ విషయంలో మాత్రం ఈ పద్ధతి తడబడుతుంది. చీటీ ఉంటే చీటీనే చూడాలి.

ఇక ఆ సెలెక్టర్ పెట్టె. ముందువైపు నాలుగు బటన్లు, వెనుక నాలుగు జతల టెర్మినళ్లు, వాటితోపాటు ‘రక్షణ’ అని రాసిన ఒక మీట. ఆ మీట వేసి ఉంచితే ఎన్ని జతలు కలిపినా యాంప్లిఫయర్‌కు ప్రమాదం లేదని అట్టపెట్టె మీద రాశారు. ఆ మాట అబద్ధం కాదు. నాలుగు మరలు విప్పి చూస్తే ఒక్కో చానల్‌కు ఒక్కటి చొప్పున, సుద్దముక్కలా తెల్లగా ఉన్న రెండు పింగాణీ నిరోధకాలు కనిపించాయి, ఒక్కొక్కటి 2.5 ఓమ్‌లు. స్పీకర్లన్నీ కలిసి 1.85 ఓమ్‌లే అయినా, ఈ నిరోధకం వాటికి శ్రేణిలో ఉంటుంది కనుక యాంప్లిఫయర్‌కు 4.35 ఓమ్‌లు కనిపిస్తుంది. యాంప్లిఫయర్ నిజంగానే క్షేమంగా ఉంటుంది. కానీ అది ఇచ్చే శక్తిలో 57 శాతం ఆ నిరోధకంలోనే వేడిగా పోతుంది. ఒక గంట పాటలు మోగాక పెట్టె మూత మీద అరచెయ్యి ఆనించి ఉంచలేకపోయాను.

వేడి కంటే నన్ను ఎక్కువ విసిగించింది మరొకటి. హాలులో కూర్చుని వింటున్నప్పుడు ఎవరైనా మిగతా రెండు గదుల బటన్లు నొక్కితే హాలులో పాట ఒక్కసారిగా కుంగిపోయేది. పెట్టె పాడైందేమోనని మొదట అనుకున్నాను. లెక్క వేసి చూస్తే అది దాని స్వభావమేనని అర్థమైంది: హాలు ఒక్కటే ఉన్నప్పుడు యాంప్లిఫయర్ ఇచ్చే వోల్టేజిలో 76 శాతం స్పీకర్‌కు చేరుతుంది, మూడు గదులూ కలిస్తే 42.5 శాతమే మిగులుతుంది, ఆ తేడా 5 డెసిబెల్స్. దానికి తోడు, శ్రేణిలో నిరోధం ఉన్నప్పుడు స్పీకర్ ఇంపిడెన్స్‌లోని ఎత్తుపల్లాలన్నీ శబ్దంలోకి వచ్చి కూర్చుంటాయి. అనునాదం దగ్గర 30 ఓమ్‌లకు లేచే హాలు స్పీకర్‌కు అక్కడ 92 శాతం వోల్టేజి అందుతుంది, మిగతా చోట 76 శాతం అందుతుంది. అంటే బాస్‌లో ఒక్క ముక్క దాదాపు 1.7 డెసిబెల్స్ ఉబ్బుతుంది. పైగా వూఫర్‌ను అదుపులో పెట్టవలసిన యాంప్లిఫయర్ పట్టు సడలి, మృదంగం దెబ్బ ఆగవలసిన చోట ఆగక కొంచెం సాగినట్టు వినిపించేది. అన్ని గదుల్లోనూ ఒకే ఇంపిడెన్స్ ఉన్న స్పీకర్లుండి, ఒకేసారి రెండు జతలకు మించి మోగించని వారికి, రక్షణ మీట తీసేసి వాడుకుంటే ఈ పెట్టె ఒక మంచి స్విచ్చు. నా అవసరానికి అది సరిపోలేదు.

సమాంతరంగా కలిపితే ఇంపిడెన్స్ తగ్గుతోంది కదా, శ్రేణిలో కలిపితే పెరుగుతుంది కదా అని చాలామందికి తోస్తుంది. నాకూ తోచింది. 8 ఓమ్‌లు, 4 ఓమ్‌లు శ్రేణిలో కలిస్తే 12 అవుతుంది, యాంప్లిఫయర్‌కు ఏ ఇబ్బందీ ఉండదు. కాకపోతే శక్తిలో మూడింట రెండు వంతులు 8 ఓమ్‌ల స్పీకర్‌కు, ఒక వంతు 4 ఓమ్‌లదానికి పోతుంది. ఒకదాని ఇంపిడెన్స్ పౌనఃపున్యంతో మారినప్పుడల్లా రెండోదానికి అందే వోల్టేజి కూడా మారుతుంది. ఒకే నమూనా స్పీకర్లు రెండింటిని అలా కలిపితే ఈ మార్పు రెండింటిలోనూ ఒకేలా ఉండి చెవికి తెలియకపోవచ్చు. వేర్వేరు స్పీకర్లయితే ఒక గది పాట ఇంకో గది స్పీకర్‌లోంచి వడకట్టి వచ్చినట్టుంటుంది. ఒక గదిలో వైరు ఊడితే రెండో గది కూడా మూగబోతుంది. ఒక సాయంత్రం ప్రయత్నించి వదిలేశాను.

ఇప్పుడు వాడుతున్న కంట్రోల్ లోపల ఉన్నది ఆటోట్రాన్స్‌ఫార్మర్. ఇనుప కోరు మీద చుట్టిన ఒకే తీగ, ఆ తీగ పొడవునా అక్కడక్కడ బయటికి తీసిన ట్యాపులు, ఆ ట్యాపుల మీద తిరిగే ఒక రోటరీ స్విచ్చు. ఎడమకొకటి, కుడికొకటి చొప్పున ఇలాంటివి రెండు ఒకే నాబ్‌తో తిరుగుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని చుట్ల నిష్పత్తిలో తగ్గిస్తుంది, ఇంపిడెన్స్‌ను ఆ నిష్పత్తి వర్గం మేరకు పెంచి చూపుతుంది. వోల్టేజి సగమైతే 4 ఓమ్‌ల స్పీకర్ యాంప్లిఫయర్‌కు 16 ఓమ్‌లుగా కనబడుతుంది, స్పీకర్‌కు అందే స్థాయి 6 డెసిబెల్స్ తగ్గుతుంది. వోల్టేజి 1.41వ వంతుకు తగ్గితే ఇంపిడెన్స్ రెట్టింపు, స్థాయిలో 3 డెసిబెల్స్ తగ్గుదల. నిరోధకం శక్తిని కాల్చి రక్షణ ఇస్తే, ఇది అసలు ఆ శక్తిని యాంప్లిఫయర్ నుంచి తీసుకోకుండానే రక్షణ ఇస్తుంది. రెండింటికీ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది. ఎల్-ప్యాడ్ అనే మరో రకం వాల్యూమ్ కంట్రోల్ దుకాణాల్లో దీని పక్కనే, దాదాపు ఇదే రూపంలో దొరుకుతుంది. అందులో ఉండేవి కూడా నిరోధకాలే, అది ఇంపిడెన్స్‌ను మార్చకుండా స్థాయిని మాత్రమే తగ్గిస్తుంది కనుక ఈ సమస్యకు మందు కాదు. పట్టుకుని చూస్తే తెలిసిపోతుంది: ఆటోట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది చేతికి బరువుగా తగులుతుంది.

బోర్డు అంచున మూడు కాళ్ల పిన్నుల వరుసల మీద నల్లటి జంపర్లు, అంటే పిన్నులను కలిపే చిన్న తొడుగులు, రెండు ఉన్నాయి, ఒక్కో చానల్‌కు ఒకటి. స్పీకర్ ఇంపిడెన్స్ యాంప్లిఫయర్‌కు ఎన్ని రెట్లుగా కనబడాలో, వాటిని మార్చి 1, 2, 4, 8 రెట్లలో ఒకటి ఎంచుకోవాలి. గోరుతో తీద్దామంటే రాలేదు. కనుబొమల పట్టకారుతో పైకి లాగితే ఒకటి ఎగిరి బల్ల కింద పడింది, దాన్ని వెతకడానికి పావుగంట పట్టింది. రెండు చానళ్లకూ ఒకే స్థానం పెట్టాలన్నది చెప్పనవసరం లేదనిపించే మాటే కానీ, వరండాలో మొదటి రోజు నేను ఎడమవైపు 4కి, కుడివైపు 2కి పెట్టి, కుడి స్పీకరే ఎందుకు గట్టిగా మోగుతోందా అని వైర్లన్నీ విప్పి మళ్లీ బిగించాను.

మొదట వేసుకున్న అమరిక ఇది: హాలు 8 ఓమ్‌లకు రెండు రెట్లు, అంటే 16, చదువుకునే గది 6 ఓమ్‌లకు నాలుగు రెట్లు, అంటే 24, వరండా 4 ఓమ్‌లకు నాలుగు రెట్లు, అంటే 16. మూడింటినీ సమాంతరంగా కలిపితే కచ్చితంగా 6 ఓమ్‌లు వస్తుంది. 20 వోల్టుల దగ్గర హాలుకు 25 వాట్లు, వరండాకు 25 వాట్లు, చదువుకునే గదికి దాదాపు 17 వాట్లు. మొత్తం 67 వాట్లు, 3.3 యాంపియర్లు. నేరుగా కలిపినప్పుడు 10.8 యాంపియర్లు అడిగిన స్పీకర్లే ఇవి. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, 8 ఓమ్‌ల స్పీకర్‌నూ 4 ఓమ్‌లదాన్నీ యాంప్లిఫయర్ కంటికి ఒకే 16 ఓమ్‌లుగా చూపించగానే రెండింటికీ సమానంగా శక్తి అందింది. నేరుగా కలిపితే 4 ఓమ్‌లది రెట్టింపు లాగేసుకునేది. ఇంకొక సౌకర్యం కూడా ఉంది: నాబ్ తగ్గించే కొద్దీ చుట్ల నిష్పత్తి పెరిగి, కనబడే ఇంపిడెన్స్ కూడా పెరుగుతూ పోతుంది, కనుక అన్ని గదుల నాబ్‌లూ పూర్తిగా పైకి తిప్పిన స్థితికి లెక్క సరిపోతే మిగతా ఏ స్థితికైనా సరిపోయినట్టే.

ఈ అమరికతో హాలులో వింటూండగా మిగతా గదుల నాబ్‌లు తిప్పించి చూశాను. హాలులో స్థాయి మారినట్టు చెవికి తెలియలేదు. యాంప్లిఫయర్ అవుట్‌పుట్ దగ్గర నిరోధం బహు తక్కువ కనుక ఒక గది లోడు ఇంకో గది వోల్టేజిని లాగదు. మునుపటి కుంగుబాటు పోయింది, మృదంగం దెబ్బ కూడా మళ్లీ బిగువుగా తగిలింది. గదుల మధ్య గట్టితనం సమానంగా ఉంటుందని మాత్రం ఆశించకూడదు. సమాన శక్తి అందినా స్పీకర్ల సున్నితత్వం వేరు. ఇక్కడ తయారీదారుల పత్రాల్లో ఒక తిరకాసు ఉంది: సున్నితత్వాన్ని 2.83 వోల్టులకు ఇస్తారు. ఆ వోల్టేజి 8 ఓమ్‌లలో 1 వాటు అవుతుంది, 4 ఓమ్‌లలో 2 వాట్లు అవుతుంది. అందువల్ల 2.83 వోల్టులకు 90 డెసిబెల్స్ అని రాసిన 4 ఓమ్‌ల స్పీకర్, 87 డెసిబెల్స్ అని రాసిన 8 ఓమ్‌లదానికంటే మెరుగైనదేమీ కాదు. వాటు లెక్కన చూస్తే రెండూ సమానమే. గదికొక నాబ్ ఉన్నాక ఈ చర్చకు పెద్దగా ప్రాధాన్యం లేదు, ఎవరికి కావలసినంత వారు తిప్పుకుంటారు.

ఇంతవరకు చెప్పినది వింటే ఇది లోపం లేని వస్తువనిపించవచ్చు. కాదు. ఇనుప కోరు ఉన్న ప్రతి వస్తువుకూ లోతైన బాస్ దగ్గర ఒక హద్దుంటుంది. కోరులోని అయస్కాంత అభివాహం వోల్టేజితో పెరుగుతుంది, పౌనఃపున్యం తగ్గే కొద్దీ పెరుగుతుంది. ఒకే వోల్టేజికి 400 హెర్ట్జ్ దగ్గర ఉన్నదానికంటే 40 హెర్ట్జ్ దగ్గర పది రెట్లుంటుంది. కోరు సంతృప్త స్థితికి, అంటే అంతకు మించి అభివాహాన్ని మోయలేని స్థితికి, చేరితే శబ్దం చెదురుతుంది, ఆ క్షణాల్లో యాంప్లిఫయర్‌కు కనిపించే ఇంపిడెన్స్ కూడా కుప్పకూలుతుంది. హాలు కంట్రోల్‌కు స్పీకర్ తీసేసి, 8 ఓమ్‌ల పెద్ద నిరోధకం తగిలించి, పరీక్షా స్వరాలు పంపి, మల్టీమీటర్‌తో కొలిచాను. మామూలు మల్టీమీటర్ల ఏసీ కొలత 400 హెర్ట్జ్ పైన నమ్మదగింది కాదు కనుక 200 హెర్ట్జ్‌తో మొదలుపెట్టాను. రెండు రెట్ల జంపర్‌తో 14 వోల్టులు లోపలికి పంపితే 9.7 వోల్టులు బయటికి వచ్చాయి; రావలసింది 9.9, నష్టం 0.2 డెసిబెల్ కూడా లేదు. 60 హెర్ట్జ్ దాకా అంతే. 40 దగ్గర గోడ డబ్బాలోంచి తేనెటీగ తిరుగుతున్నట్టు సన్నని రొద మొదలైంది. 30 హెర్ట్జ్ దగ్గర అది గది మధ్యలో నిలబడినా వినిపించింది, నేను పరీక్ష ఆపేశాను. మామూలుగా వినే స్థాయిలో, అంటే 2, 3 వోల్టుల దగ్గర, 30 హెర్ట్జ్‌లో కూడా ఏ రొదా లేదు. వరండాలోని చిన్న స్పీకర్లకు 60 హెర్ట్జ్ దిగువన ఎలాగూ చెప్పుకోదగ్గ శబ్దం లేదు కనుక అక్కడ ఇది లోపం కింద లెక్క కాదు. హాలులో, మంచి బాస్ ఉన్న స్పీకర్ల దగ్గర, ఇది లోపమే.

అందుకే రెండో నెలలో అమరిక మార్చాను. హాలు స్పీకర్లను కంట్రోల్ నుంచి తప్పించి నేరుగా ఎ టెర్మినళ్లకు కలిపాను. చదువుకునే గదిని 24 ఓమ్‌లుగా, వరండాను 16 ఓమ్‌లుగా ఉంచి, రెండింటినీ బి టెర్మినళ్లకు ఇచ్చాను. ఎ వైపు 8 ఓమ్‌లు, బి వైపు 9.6 ఓమ్‌లు, ‘ఎ + బి: 8 నుంచి 16’ అన్న హెచ్చరికకు రెండువైపులా లోబడినట్టే, మొత్తం 4.36 ఓమ్‌లు. హాలులో ట్రాన్స్‌ఫార్మర్ అడ్డం లేదు, మిగతా గదుల్లో నాబ్ ఉంది. హాలులో సన్నగా, వరండాలో గట్టిగా కావాలంటే కుదరదు. హాలును పూర్తిగా ఆపేయడమొక్కటే దారి. ఈ ఇబ్బందిని నేను ఒప్పుకుని తీసుకున్నాను. మూడు కొని రెండే వాడుతున్నందుకు మూడోది అలమరాలో ఉంది.

వైరు విషయంలో ఈ కంట్రోళ్లు నాకు అనుకోని మేలు చేశాయి. యాంప్లిఫయర్ నుంచి వరండాకు 18 మీటర్లు. రానూపోనూ 36 మీటర్ల రాగి. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు అది సుమారు 0.42 ఓమ్ అవుతుంది. వైరు నిరోధం స్పీకర్ ఇంపిడెన్స్‌లో 5 శాతం దాటకూడదన్నది అందరూ పాటించే లెక్క. 4 ఓమ్‌ల స్పీకర్‌కు 0.42 అంటే 10 శాతం పైమాటే, అంటే రెట్టింపు మందం వైరు కావలసి వచ్చేది. అయితే కంట్రోల్‌ను స్పీకర్ల పక్కనే, వరండా గోడలో బిగించడం వల్ల ఈ పొడవాటి వైరు ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందు ఉంది, అక్కడ దానికి ఎదురయ్యే ఇంపిడెన్స్ 16 ఓమ్‌లు. అప్పుడది 2.6 శాతమే. దూరప్రాంతాలకు కరెంటును ఎక్కువ వోల్టేజి మీద పంపి, ఇంటి దగ్గర తగ్గించుకోవడంలోని కిటుకే ఇది, చిన్న ఎత్తున. కంట్రోళ్లను యాంప్లిఫయర్ పక్కన వరుసగా బిగించుకుంటే చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ ఈ లాభం పోతుంది.

ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది: కంట్రోల్ లోపల ఎడమ, కుడి మైనస్ టెర్మినళ్లు రెండూ కలిపేసి ఉన్నాయి, ఆ సంగతి దానితో వచ్చిన కాగితంలో ఎక్కడా లేదు. నా యాంప్లిఫయర్‌లో రెండు మైనస్‌లూ గ్రౌండే కనుక ఇబ్బంది రాలేదు. కానీ నేటి చిన్న క్లాస్-డి యాంప్లిఫయర్లలో చాలావాటికి స్పీకర్ మైనస్ గ్రౌండ్ కాదు. ప్లస్, మైనస్ రెండింటినీ రెండు వేర్వేరు అవుట్‌పుట్‌లు నడుపుతాయి. అలాంటిదానికి ఈ కంట్రోల్ తగిలిస్తే ఎడమ అవుట్‌పుట్‌ను కుడి అవుట్‌పుట్‌తో షార్ట్ చేసినట్టే. ఇంత ముఖ్యమైన మాట రాయకపోవడం క్షమించదగిన పొరపాటు కాదు. కొన్నవారు గోడలో బిగించే ముందు, ఏ వైరూ తగిలించకుండా, రెండు మైనస్‌ల మధ్య మల్టీమీటర్ పెట్టి చూసుకోవాలి. అదే చేత్తో ప్లస్, మైనస్‌ల మధ్య కొలిచి ఒక ఓమ్ కూడా లేదేమిటని కంగారు పడవద్దు. తీగ చుట్టకు డీసీ నిరోధం అంతే ఉంటుంది, పాటకు కనిపించే ఇంపిడెన్స్ వేరు. మరొక సణుగుడు: ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి బాగా పొడుచుకు వచ్చి ఉండటం వల్ల మామూలు స్విచ్చు డబ్బాలో ఇమడలేదు, లోతైన డబ్బా కోసం చదువుకునే గది గోడను మళ్లీ తొలవాల్సి వచ్చింది. నాబ్‌కు 12 స్థానాలున్నాయి, పై స్థానాల మధ్య 3 డెసిబెల్స్ చొప్పున తేడా ఉంది. ఒకటి ఎక్కువగా, దాని కిందిది తక్కువగా అనిపించే రాత్రులు ఉంటాయి. తిప్పేటప్పుడు స్పీకర్‌లో చిన్న టిక్కుమనే చప్పుడు వస్తుంది. అది నాకు పట్టింపు లేదు.

ఇదే పనికి వేరే దారులు లేకపోలేదు. డబ్బు పెట్టగలిగి, యాంప్లిఫయర్ కూడా కొత్తగా కొనేవారైతే, గదికి రెండు చానళ్ల చొప్పున ఉండే మల్టీ చానల్ యాంప్లిఫయర్ తీసుకోవడం అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి. ప్రతి చానల్ తన స్పీకర్‌ను మాత్రమే చూస్తుంది కనుక పక్క గదిలో 4 ఓమ్‌లున్నా 8 ఓమ్‌లున్నా దానికి సంబంధం లేదు, ఒక్కో గదిలో ఒక్కో పాట కూడా పెట్టుకోవచ్చు. అలాంటిదానిలో రెండు చానళ్లను బ్రిడ్జి చేయాలని, అంటే రెండూ కలిసి ఒకే స్పీకర్‌ను నడిపేలా కలపాలని, ఆశపడితే మాత్రం ఒక్కో చానల్‌కు స్పీకర్ ఇంపిడెన్స్‌లో సగమే కనిపిస్తుంది. 4 ఓమ్‌ల స్పీకర్ 2 ఓమ్‌లవుతుంది. గదులు పది, పదిహేను దాటితే పాఠశాలల్లో, పెద్ద భవనాల్లో వాడే 100 వోల్టుల లైనే సరైనది. అక్కడ ఒక్కో స్పీకర్‌కు ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, 10 వాట్ల ట్యాపు యాంప్లిఫయర్‌కు 1000 ఓమ్‌లుగా కనిపిస్తుంది, ఓమ్‌లను పూర్తిగా మరచిపోయి వాట్లు కూడుకుంటే చాలు. యాంప్లిఫయర్ వెనుక ఉండే ‘4 ఓమ్‌లు / 8 ఓమ్‌లు’ మీటను దారి కింద లెక్కించవద్దు. సాధారణంగా అది లోపలి సరఫరా వోల్టేజిని తగ్గించి యాంప్లిఫయర్ ఇచ్చే శక్తికి కళ్లెం వేస్తుందే కానీ, 1.85 ఓమ్‌లను మోసే బలాన్ని దానికి ఇవ్వదు.

ఉన్న యాంప్లిఫయర్‌నే ఉంచుకుని, ఇంట్లో ఉన్న రకరకాల స్పీకర్లనే మూడు నాలుగు గదుల్లో మోగించుకోవాలనుకునేవారికి ఈ కంట్రోళ్లను నేను నిస్సంకోచంగా సూచిస్తాను, మైనస్‌ల సంగతి ముందే చూసుకుంటే. బాస్ ముఖ్యమనుకునే గదిని మాత్రం నేరుగా యాంప్లిఫయర్‌కే వదిలేయండి. మళ్లీ కొనవలసి వస్తే నేను రెండే కొంటాను, లోతైన డబ్బాలు ముందే తెప్పించుకుంటాను. ప్లేట్లు బిగించే ముందు రెండు చిన్న కాగితం ముక్కల మీద, జంపర్ ఏ స్థానంలో ఉందో, స్పీకర్ ఎన్ని ఓమ్‌లదో, యాంప్లిఫయర్‌కు ఎంత కనిపిస్తుందో రాసి లోపల అంటించాను: ‘6, నాలుగు రెట్లు, 24’ అని ఒకదానిలో, ‘4, నాలుగు రెట్లు, 16’ అని రెండోదానిలో. వరండా స్పీకర్లు పాతవి, వాటి స్థానంలో ఎప్పుడైనా వేరేవి వచ్చినప్పుడు ఆ ప్లేటు విప్పేది నేనే అవుతానన్న నమ్మకం లేదు.